సూర్యావతి తప్పు పెట్టిన వాన

వాతావరణాన్ని ఒక్క బాణంతో చూపించవచ్చని మొదట అనుకున్నవాడెవడో నాకు తెలియదు గాని, కొండ ఎక్కినవాడు మాత్రం అయి ఉండడు. పుస్తకాల దుకాణాల్లో అమ్ముతారు, మీరు చూసే ఉంటారు. ఒక దళసరి అట్ట, దాని మీద గుండ్రటి చక్రం, చక్రంలో నాలుగు ముక్కలు. ఒకదాంట్లో నవ్వే సూర్యుడు, ఒకదాంట్లో దూదిపింజలాంటి మబ్బు, ఒకదాంట్లో గొడుగు, ఒకదాంట్లో వంగిన చెట్టు. నడుమ మేకుతో బిగించిన రేకు బాణం. పొద్దున్నే పిల్లలు బయటికి చూసి బాణాన్ని తిప్పాలి. బాణానికి ఒక్కటే మొన కాబట్టి రోజుకి ఒక్కటే ఆకాశం.

మన పంచాంగాలు రాసిన పెద్దలు ఈ విషయంలో కొంచెం నయం. ఏటా ఉగాదినాడు వానను వాటాలు వేసి చెబుతారు కదా, సముద్రం మీద ఇన్ని పాళ్ళు, కొండల మీద ఇన్ని పాళ్ళు, నేల మీద ఇన్ని పాళ్ళు అని. ఆ పాళ్ళు నిజమా కాదా అన్నది వేరే సంగతి. కొండకీ నేలకీ వాటాలు వేరన్న స్పృహ మాత్రం వాళ్ళకుంది. ఒరిస్సా సరిహద్దు కొండల్లో ఉన్న పొట్టంగి బజారులో ప్రతి ఉగాదికీ ఆ వాటాలు గొంతెత్తి చదివేవాడు ఆదిశేషు. అక్కడ చోళ్ళనే రాగులు, నూనె తీసే వలిసెలు, చింతపండు టోకున కొనే పెద్ద వర్తకుడు. ఆయన దుకాణం పక్క గోదాములోనే చిన్నపిల్లల బడి నడిచేది. ఆ బడి గోడకే రేకు బాణం అట్ట వేలాడేది. ఆ చదివేదానికీ ఈ వేలాడేదానికీ పొత్తు కుదరదని ఆయనకూ తట్టలేదు, అక్కడ చదువు చెప్పే సూర్యావతికీ తట్టలేదు. నాకు మాత్రం ఎలా తడుతుంది? నేను పొట్టంగిలో దిగిందే 2003లో, సుంకి ఘాటీ ఎక్కిన బస్సు ఇక కదలనని మొరాయించినందుకు. ఒక పూట ఆగుదామనుకున్నవాణ్ణి తొమ్మిది రోజులు ఉండిపోయాను.

సూర్యావతిది సాలూరు వైపు మిరపకాయల వర్తకుల కుటుంబం. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళై, 1989లో ఈ కొండమీదికి కాపురానికి వచ్చింది. భర్త విశ్వనాథ్ అల్లం వ్యాపారి. పెద్దగా మాట్లాడడు గాని మాట్లాడితే ఎదుటివాణ్ణి గిల్లకుండా ఉండడు. పదో తరగతి పాసైన కోడలు బజారు మొత్తానికి ఆవిడొక్కర్తే. అందుకని 1995లో వర్తకులంతా కలిసి చిన్నపిల్లలకు బడి పెట్టాలనుకున్నప్పుడు కమిటీ పెద్ద ఆదిశేషు, విశ్వనాథ్‌కి మేనమామ కూడా, వచ్చి అడిగేడట.

"అమ్మీ, పొద్దున్న మూడు గంటలు పిల్లల్ని కూకోబెట్టగలవేటి?"

"కూకోబెట్టడం నా వల్ల కాదు మావయ్యగారూ. కూకోకపోయినా పర్వానేదంటే సెప్పండి, వస్తాను."

ఆ జవాబుకి ఆయన నవ్వేడు గాని, అది హాస్యం కాదని తరువాత తెలిసింది.

బజారు పిల్లలు పదిమంది. వీళ్ళు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. కొండమీది ఊరినుంచి రుసుము లేకుండా చేర్చుకున్నవాళ్ళు నలుగురు. వీళ్ళది సంతల్లో వినిపించే దేశియా భాష. సూర్యావతికి ఒడియా అక్షరాలు పెళ్ళయ్యాక, దుకాణాల బోర్డులు చదివి చదివి వచ్చినవి. పిల్లలు ఆమెని ఒడియా వాడుక ప్రకారం గురుమా అనేవాళ్ళు. గురుమా చెప్పేది సగంమందికి అర్థమయ్యేది కాదు, వాళ్ళు చెప్పేది గురుమాకి అర్థమయ్యేది కాదు. అలా ఒక ఏడాది గడిచింది.

రెండో ఏడు ఆషాఢంలో వాన పట్టుకుంది. ఆ కొండల్లో వాన పట్టుకోవడమంటే కోస్తాలో పుట్టినవాళ్ళకు చెప్పినా తెలియదు. విశాఖపట్నం రేడియో సముద్రం గురించి చెబుతుంది, కటకం రేడియో మహానది గురించి చెబుతుంది. మధ్యలో పొట్టంగి ఆకాశం ఎవరి మాటా వినకుండా పదమూడు రోజులు కురుస్తుంది. గోదాములో పధ్నాలుగుమంది పిల్లలు, మూసిన తలుపులు, చింతపండు వాసన. ఒక పిల్ల కప్పు కారిన నీళ్ళలో వేలు ముంచి, పక్కనున్న బస్తా మీది పసుపు అద్దుకుని గోడమీద గీసింది. మిగతావాళ్ళు మాటలు మాని చూశారు. గోదాము నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దమే తనకి పాఠం చెప్పిందనేది సూర్యావతి.

మర్నాడు ఆమె ఇంటినుంచి కొబ్బరి చిప్పలు పట్టుకొచ్చింది. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బట్టలకు పెట్టే నీలిమందు, ఒకదాంట్లో అరుగులకు పూసే ఎర్రమట్టి, ఒకదాంట్లో దీపం మసి, ఒకదాంట్లో బియ్యప్పిండి. కుంచెలకి పళ్ళు తోముకునే పుల్లలు, కొస నమిలి పీచు చేసినవి. నమలడం పిల్లల పనే, అందులో వాళ్ళకు పోటీ కూడా. కాగితానికి కొదవేముంది? బజారులో ప్రతి కొట్టుకీ ఏడాదికి అయిదారు క్యాలెండర్లు వస్తాయి. పాతవాటి వెనక తెల్లగానే ఉంటుంది. ఆదిశేషు ఒకసారి వచ్చి ఆరబెట్టిన బొమ్మలు తిరగేసి చూసి నొచ్చుకున్నాడు.

"లచ్చిందేవి ఈపు మీద ఈ నల్లటి పూతేటమ్మీ?"

"మబ్బు, మావయ్యగారూ."

"అమ్మవారి ఈపే దొరికిందేటి మబ్బుకి?"

"మరెక్కడుంటాది మబ్బు, దేవుళ్ళ దగ్గిర కాక?"

నియమం ఒకటే. పొద్దున్న బడికి అందరికంటే ముందు ఎవరొస్తే వాళ్ళు ఆ రోజు వాతావరణం బొమ్మ వెయ్యాలి. మిగతావాళ్ళు తరువాత తమకు తోచింది వేసుకోవచ్చు. బొమ్మకు మార్కుల్లేవు, ఒప్పు గుర్తులు తప్పు గుర్తులు లేవు. వేసిన పిల్ల చేత్తో చూపిస్తూ తన భాషలో నాలుగు మాటలు చెబుతుంది, ఆ మాటలు గురుమా నేర్చుకుంటుంది. వానని బర్సా అని, పొగమంచుని కుహుడి అని ఆమె అలాగే పట్టుకుంది. ఎవరు ఎవరికి చదువు చెబుతున్నారో పైనుంచి చూసేవాళ్ళకి తేలేది కాదు.

చిన్నపిల్లలు వానని ఎలా వేస్తారో ఎప్పుడైనా గమనించారా? మనం పైనుంచి కిందికి గీస్తాం. నాలుగేళ్ళ పిల్ల కిందనుంచి మొదలుపెడుతుంది. ఆ పిల్లకు వాన అంటే ముందు కాళ్ళకింద బురద. బజారు పిల్లల వానలు నీలంగా ఉండేవి, రేకు చూరునుంచి తిన్నగా పడేవి. కొండపిల్లల వానలు ఎర్రగా ఉండేవి, అడ్డంగా పారేవి. గాలిని వెయ్యమంటే బజారు పిల్లలు దండెం మీద ఎగిరే బట్టలు వేశారు. కొండనుంచి వచ్చే బుద్రి అనే పిల్ల కాగితం నడుమంతా ఖాళీగా వదిలేసి, ఆకులన్నీ ఒక అంచుకి కుప్పగా వేసింది. కుక్కపిల్లని కూడా ఆ అంచుకే తోసేసింది.

బుద్రికి ఆరేళ్ళు. బుధవారం పుట్టింది కాబట్టి ఆ పేరు. కొండమీది ఊరినుంచి దిగే నలుగురిలో పెద్దది. తక్కిన ముగ్గురూ ఆమె వెనక వరసగా, ముందువాళ్ళ గుడ్డ పట్టుకుని నడిచి వచ్చేవాళ్ళు. దారిలో వాగు దాటించేది ఆమే. ఎంత దూరంనుంచి వచ్చినా అందరికంటే ముందు వచ్చేది కూడా ఆమే. అందుకని వాతావరణం బొమ్మల్లో మూడొంతులు బుద్రివే.

రేకు బాణం అట్ట 1998లో వచ్చింది. బళ్ళకు సాయం చేసే ఒక సంస్థ కోరాపుట్ నుంచి పంపింది. అట్ట వచ్చిన నెలకి, దసరా వెళ్ళిన వారంలో, ఆ సంస్థ పెద్దాయన బడి చూడటానికి వచ్చేడు. ఆయనకు నచ్చితే బల్లలిస్తారు, గోదాముకి కిటికీలు పెట్టిస్తారు. ఆదిశేషు తెల్లచొక్కా వేసుకుని పక్కన కూర్చున్నాడు. బయట కళ్ళు చెదిరే ఎండ. సూర్యావతి కూతురు బిందుశ్రీ, అయిదేళ్ళది, గబగబా లేచి బాణాన్ని సూర్యుడి మీదికి తిప్పింది. పెద్దాయన తల ఊపేడు. ఇక ఆ రోజు బొమ్మ చూపించాలి. వేసింది బుద్రి.

కాగితం నిండా బియ్యప్పిండి తెలుపు. ఆ తెలుపులోంచి వాలుగా సన్నటి మసి గీతలు. అట్టడుగున ఎర్రటి చార.

"ఇదేటిది?" అన్నాడు ఆదిశేషు.

"బర్సా," అంది బుద్రి.

పెద్దాయన గుమ్మంలోంచి పడుతున్న ఎండని చూసి నవ్వేడు. చెడ్డ నవ్వేం కాదు. కాని ఆదిశేషు మొహం ఎర్రబడింది. సూర్యావతికి చెమట పట్టింది.

"బుద్రీ, బయట సూడమ్మా. ఏటుంది? ఎండ కదా? బాణం ఎక్కడుంది?"

బుద్రి గుమ్మంవైపు చూసింది. బాణంవైపు చూసింది. తన కాగితంవైపు చూసింది.

"బర్సా," అంది మళ్ళీ.

సూర్యావతి ఎర్ర సుద్దముక్క తీసుకుని ఆ తెల్లటి వాన మీద ఈ మూలనుంచి ఆ మూలకు రెండు గీతలు అడ్డంగా కొట్టింది. బొమ్మలు మొదలైన రెండేళ్ళలో ఒక బొమ్మ మీద ఆమె పెట్టిన మొదటి గుర్తు అది. పిల్లలు నవ్వేరు. ముందుగా నవ్వింది బిందుశ్రీ. బుద్రి ఏడవలేదు. వెళ్ళి గోనె పట్టా మీద తన చోట్లో కూర్చుంది.

పెద్దాయన బల్లలిస్తానని చెప్పి వెళ్ళేడు. ఆ సాయంత్రం అన్నాలు తింటుంటే బిందుశ్రీ గొణిగింది.

"నా గౌను తడిపేసిందమ్మా బుద్రి."

"ఎందుకు తడిపింది?"

"తడపనేదు. పక్కన కూకుంది. దాని జుట్టులోంచి సుక్కలు పడుతున్నాయి. ఒళ్ళంతా తడే."

"వాగులో మునిగేసుంటాది," అన్నాడు విశ్వనాథ్. "కోతి కదా అది."

సూర్యావతి చెయ్యి కంచంలో ఆగిపోయింది. తను కూడా పొద్దున్న ఆ తడి జుట్టు చూసింది. స్నానం చేసి వచ్చిందనుకుంది, పెద్దాయన వస్తున్నాడని శుభ్రంగా వచ్చింది పాపం అని ముచ్చటపడింది కూడా. వాగు ఆ రోజుల్లో పిల్లల మోకాళ్ళ దాకానే ఉంది. జుట్టు తడవడానికి లేదు.

మర్నాడు బుద్రి రాలేదు. ఆమె రాకపోతే తక్కిన ముగ్గురూ రారు, వాగు దాటించేవాళ్ళు లేరు కదా. మూడు రోజులు చూసింది సూర్యావతి. సంతరోజున కొండవాళ్ళ చేత కబురు పెట్టింది. రెండో సంతకి కూడా పెట్టింది. గోనె పట్టా మీద నలుగురి ఖాళీ అలాగే ఉంది. బజారు పిల్లలు ఒకటి రెండు రోజులు ఆ ఖాళీని వదిలిపెట్టి కూర్చున్నారు, తరువాత జరిగి నింపేశారు. అదే తనని ఎక్కువ భయపెట్టిందని చెప్పింది సూర్యావతి. ఇంకో నెల పోతే వాళ్ళు ఎప్పుడూ లేనట్టే అయిపోతుంది. ఆ వయసులో బడి మానిన కొండపిల్ల మళ్ళీ దిగిరావడం ఆమె ఎరగదు. ఆ పిల్ల మేకల వెనకో, చెల్లెళ్ళ వెనకో కొండమీదే పెద్దదైపోతుంది.

ఆదిశేషుకి మాత్రం ఇందులో వింత కనిపించలేదు.

"ఆళ్ళంతేనమ్మీ. కోతలకాలం వచ్చింది, పిల్లల్ని పొలానికి తీసుకుపోయుంటారు. దానికి నువ్వెందుకు బుర్ర పాడుసేసుకుంతావు?"

"నేను తప్పు పెట్టేను మావయ్యగారూ."

"తప్పే కదా ఏసింది? ఎండలో వానేస్తే ఒప్పు పెడతారేటి?"

మరుసటి ఆదివారం ఆమె కొండకి బయలుదేరింది. విశ్వనాథ్ వెంట వచ్చేడు, రాక తప్పక. ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ఆ ఊరినుంచి విశ్వనాథ్ పన్నెండేళ్ళుగా అల్లం కొంటున్నాడు. అతని తండ్రీ కొన్నాడు. కాని ఇద్దరిలో ఎవరూ ఆ ఊరు చూసినవాళ్ళు కాదు. అల్లం దిగి వస్తుంది, ఉప్పూ కిరసనాయిలూ ఎక్కి వెళతాయి, వర్తకుడు అరుగుమీదే ఉంటాడు. బజారు మొత్తం అంతే. ఆకాశం అంటే తమ అరుగునుంచి కనిపించేదే ఆకాశం. చూరుకింద ఆరబోసిన సరుకు తడుస్తుందా తడవదా అన్నదే వాతావరణం. అలా మూడు తరాలుగా బతికినవాళ్ళకి రేకు బాణం అట్టలో లోపమేం కనిపిస్తుంది?

బయలుదేరేటప్పుడు ఎండ. సూర్యావతి గొడుగు తీసుకోబోతే విశ్వనాథ్ ఎగతాళి చేశాడు.

"పెళ్ళివారింటికేటే? ఎండకి అరిగిపోతావా?"

గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది. వాగు దాటేరు. వాలు మీద చోడిచేలు కోతకొచ్చి ఉన్నాయి. ఒక మలుపు తిరిగేసరికి గాలి చల్లబడింది. ఇంకో మలుపు తిరిగేసరికి ఎదురుగా ఏమీ లేదు, తెలుపు. చెట్లు లేవు, దారి లేదు, ముందు నడిచే విశ్వనాథ్ వీపు లేదు. ఆ తెల్లదనంలోంచి సన్నటి జల్లు వాలుగా కొట్టడం మొదలుపెట్టింది. కాళ్ళకింద మట్టి ఎర్రటి చారలై జారుతోంది. సూర్యావతి నిలబడిపోయింది. ఎక్కడో చూసినట్టుంది ఈ చోటు. పిండి, మసి, అడుగున ఎర్రమట్టి. తను రెండు గీతలు కొట్టిన కాగితంలో నిలబడి ఉంది తను.

"ఏటే ఆగిపోయేవు?" తెలుపులోంచి భర్త గొంతు.

"ఒకసారి ఎనక్కి సూడండి."

మబ్బు ఒకచోట చిరిగింది. ఆ చిరుగులోంచి, ఎక్కడో పాదాల కింద, పొట్టంగి బజారు రేకులు ఎండలో తళతళలాడుతున్నాయి. గోదాము ముందు ఆదిశేషు వేయించిన టార్పాలిన్ పందిరి కూడా కనిపించింది. ఇద్దరూ తడిసి ముద్దవుతూ ఆ ఎండని చూశారు. విశ్వనాథ్ అన్నాడట, "మామయ్య అక్కడ విసనకర్రతో విసురుకుంటుంటాడిప్పుడు."

బుద్రి ఇంటి అరుగుమీద ఆమె నాయనమ్మ కూర్చుని అల్లం దుంపల మట్టి దులుపుతోంది. ఆవిడ మాట్లాడింది దేశియా. సూర్యావతి దాన్ని తెలుగులో నాకు ఎలా వినిపించిందో అలాగే రాస్తున్నాను.

"ఎవరొచ్చేరో సూడండ్రా," అని ఇరుగుపొరుగుని కేకేసిందట ముసలావిడ. "అల్లం సావుకారికి కాళ్ళున్నాయి! ఇన్నేళ్ళూ నేవనుకున్నాను. కూకున్న కాడే పుట్టేడనుకున్నాను."

జనం నవ్వేరు. విశ్వనాథ్ కూడా నవ్వేడు, తలమీది నీళ్ళు తుడుచుకుంటూ. ముసలావిడ లోపలినుంచి పొడి గుడ్డలు తెప్పించి ఇచ్చింది. బుద్రి తలుపు పక్కన గోడకి ఆనుకుని ఉంది, బయటికి రాలేదు.

"తప్పు నాదే అవ్వా," అంది సూర్యావతి. "పిల్ల నిజమే ఏసింది. నాను సూసుకోనేదు. పంపించు."

ముసలావిడ దుంప దులపడం ఆపలేదు.

"నాకెందుకు సెప్తావు? నాను అక్కడున్నానేటి?"

"బుద్రికి సెప్తున్నాను."

"బుద్రికి తెలుసు తను తడిసిందని. నువ్వు సెప్పక్కర్నేదు." దుంప పక్కన పెట్టింది. "మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది గురుమా. పదిమందిలో అన్న మాట ఇంటికొచ్చి తీసుకుంటే పోదు. ఆ పదిమందిలోనే నిలబడి తీసుకోవాల. ఆళ్ళు ఒక్కొక్కళ్ళూ ఇన్నామని సెప్పాల. ఒక్కడు సెప్పకపోయినా మాట అక్కడే ఉన్నట్టు."

"ఆరోజు కోరాపుట్ నుంచి ఒకాయన వచ్చేడు. ఆయన్నెక్కడినుంచి తేను?"

"దారిన పోయినోడిని ఒదిలెయ్యి. ఉన్నోళ్ళు సాలు."

ఉన్నోళ్ళంటే ఆదిశేషు కూడా.

ఇక్కడ నాకొక ఆలోచన వస్తుంటుంది. మన పెద్ద పెద్ద న్యాయశాస్త్రాలన్నీ తప్పు చేసినవాడి గురించే మాట్లాడతాయి. వాణ్ణేం చెయ్యాలి, ఎంత చెయ్యాలి అని. ఆ అరుగుమీది ముసలావిడ పట్టించుకున్నది విన్నవాళ్ళని. మాట అన్నవాడి దగ్గర ఉండదు, విన్నవాళ్ళ దగ్గర ఉంటుంది, కాబట్టి వాళ్ళ దగ్గరనుంచే వెనక్కి తీసుకోవాలి అని. దీని మీద పుస్తకం రాయొచ్చు. కాని ఆవిడకి అల్లం పని ఉంది.

ఆదిశేషుని ఒప్పించడం కొండ ఎక్కడం కంటే కష్టమైంది.

"టీచరే తప్పు సేసేనంటే రేపు పిల్లలు మాట ఇంటారేటమ్మీ? కమిటీలో ఇప్పటికే అంటన్నారు, టెన్తు సదివిన టీచరు సాలదు, బీఏ సదివినోళ్ళని తెద్దామని. నువ్వే నీ నోటితో సెప్పుకుంటే ఇంక నేను అడ్డుపడ్డానికి ఏటుంటాది?"

"తెస్తే తేండి మావయ్యగారూ. ఆ పిల్ల రావాల."

"ఒక్క గుంట కోసం బడి పోగొట్టుకుంతావా?"

"ఒక్క గుంట కాదు, నలుగురు."

"సరే నలుగురు. నువ్వు సెప్పుకో, కాదన్ను. నన్ను మాత్రం ఇన్నానని అనమనకు. నేను ఇన్నాను అంటే నేనూ తప్పే అన్నట్టు. డెబ్బయ్యేళ్ళొచ్చి ఆరేళ్ళ గుంట ముందు నిలబడతానేటి?"

అలా అన్నా, ముసలావిడని రమ్మన్న గురువారం ఉదయం ఆయన వచ్చేడు. చోళ్ళు ఆరబోయిస్తున్నాను, అందుకని వచ్చేనన్నాడు. గోదాము ముందు రోడ్డు అంచున ఎర్రటి చోళ్ళు పరిచి ఉన్నాయి, పైన పెద్ద టార్పాలిన్ పందిరి. ముసలావిడ బుద్రిని వెంటబెట్టుకుని వాకిట్లో నిలబడింది. వెనక ముగ్గురు చిన్నవాళ్ళు ఒకళ్ళ గుడ్డ ఒకళ్ళు పట్టుకుని. ఎవరూ గడప దాటలేదు.

సూర్యావతి పిల్లలందరినీ వాకిట్లోకి పిలిచింది. ముందు తెలుగులో, తరువాత తనకొచ్చిన సంత దేశియాలో చెప్పింది. ఆ రోజు కొండమీద వాన కురిసింది. బుద్రి వానలో తడిసి వచ్చి వాన వేసింది. నేను కొండ చూడలేదు, బజారే చూశాను. బుద్రి బొమ్మ మీద నేను పెట్టిన గుర్తు తప్పు. ఎదురుగా బజారువాళ్ళు ఇద్దరు ముగ్గురు పని మానేసి చూస్తున్నారు. వాళ్ళలో కమిటీవాళ్ళూ ఉన్నారు.

"ఇన్నాను," అన్నారు పిల్లలు ఒక్కొక్కరే. కొందరికి అదొక ఆట. బిందుశ్రీ మాత్రం నేల చూస్తూ, "ఇన్నాను, ఇంకెప్పుడూ నవ్వను," అంది. ఎవరూ అడగకపోయినా.

బజారు పిల్లలు పదిమందీ అయిపోయారు. మిగిలింది ఆదిశేషు. ఆయన స్తంభానికి ఆనుకుని చోళ్ళవైపు చూస్తున్నాడు. ముసలావిడ ఆయనవైపు చూసింది. సూర్యావతి చూసింది.

ముసలావిడ బుద్రి భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పింది. ముగ్గురు చిన్నవాళ్ళూ తిరిగారు. నాలుగడుగులు పోయారు వాళ్ళు.

"ఏయ్ గుంటా," అన్నాడు ఆదిశేషు.

బుద్రి ఆగింది.

ఆయన తెలుగులో కాదు, ఉప్పు బేరానికి యాభయ్యేళ్ళుగా వాడిన దేశియాలో అడిగేడు. "పొద్దున్న దిగేవు కదా. మీద ఏటుంది ఇయ్యాల?"

బుద్రి నాయనమ్మ మొహం చూసింది. తరువాత వచ్చిన దారివైపు చూసింది.

"గాలి," అంది. "పెద్దది. కిందికొస్తంది."

ఆదిశేషు తలెత్తి చూశాడు. బజారు మీద ఆకాశం గాజులా ఉంది. ఒక్క ఆకు కదలడం లేదు. ఆయన టార్పాలిన్ వైపు చూశాడు, పిల్లవైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఒరే లక్ష్మణుడూ!" అని రోడ్డవతలికి కేకేశాడు. "టార్పాలిన్ తాళ్ళు బిగించండ్రా. నాలుగు పక్కలా. రాళ్ళు కూడా ఎట్టండి."

"గాలేదీ బాబూ?" అన్నాడట హమాలీ లక్ష్మణుడు.

"వస్తందంట. బిగించమంటే బిగించు."

ముసలావిడ కళ్ళు చిట్లించి ఆయన్ని ఎగాదిగా చూసింది. "అడిగేడు కదా," అంది మనవరాలితో. "ఇన్నట్టే." బుద్రి వీపు మీద చిన్నగా ఒక్కటి చరిచి బడివైపు తోసింది.

ఇదంతా నాకు సూర్యావతి అదే గోదాములో, ఇప్పుడు కిటికీలున్న గోదాములో, రంగుల చిప్పలు కడుగుతూ చెప్పింది. బీఏ చదివిన టీచరు ఆ మరుసటేడు రానే వచ్చిందట. ఆవిడ కింద సహాయకురాలిగా సూర్యావతి రెండేళ్ళు చేసింది. ఆవిడ చలికి తాళలేక విజయనగరం వెళ్ళిపోయాక మళ్ళీ బడి ఈమె చేతికే వచ్చింది. బుద్రి చలికాలమంతా కుంచె ముట్టుకోలేదు. సూర్యావతి అడగనూ లేదు. రోజూ ముందుగా వచ్చి, పుల్ల తరువాతి పిల్ల చేతికిచ్చి కూర్చునేదట. అయిదో తరగతి దాకా అక్కడే చదివింది. ఇప్పుడు హాస్టల్లో ఉంది.

నాలాంటివాడికి కథ వింటే తోక కూడా కావాలి. అందుకని అడిగాను. "ఆ రోజు గాలి వచ్చిందా మరి?"

సూర్యావతి చిప్ప కడగడం ఆపి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"ఏమో బాబూ," అంది. "గుర్తులేదు. నేను లోపలే ఉన్నాను. గోనె పట్టా మీద పిల్లలంతా జరిగిపోయి కూకున్నారు కదా, నలుగురికి చోటు సెయ్యాల. ఎవళ్ళూ జరగరు. దానికే పొద్దెక్కిపోయింది."